ఎచ్చెర్ల యువతకు తోడెవరు?

యువజన సేవ అంటే పదిహేనేళ్లకూ ముప్పయ్యేళ్లకూ మధ్య వయసున్నవాళ్లకు చదువులో, పనిలో, ఆరోగ్యంలో, మనసుకు కష్టం కలిగినప్పుడు తోడు నిలిచే పని. బడిలో మాస్టారు పాఠం చెబుతారు. ఆస్పత్రిలో డాక్టరు మందు రాస్తారు. ఉపాధి కార్యాలయం పేరు నమోదు చేసుకుంటుంది. వీళ్లెవరి పరిధిలోకీ పూర్తిగా రాని పనులు కొన్ని మిగిలిపోతాయి. ఇంటర్‌ మధ్యలో మానేసిన కుర్రాడి ఇంటికి వెళ్లి కారణం కనుక్కోవాలి. పదహారేళ్లకే పెళ్లి కుదిర్చిన అమ్మాయి తరఫున పెద్దవాళ్లతో మాట్లాడాలి. దూరదేశంలో ఉద్యోగమని డబ్బు అడిగే ఏజెంటు అసలువాడో కాదో చూసి చెప్పాలి. పరీక్ష తప్పి గది తలుపు వేసుకున్నవాడి పక్కన కాసేపు కూర్చోవాలి. యువజన సేవ చేసే పని ఇదే. ఈ పని చేసేవారినే యువజన కార్యకర్త అంటారు.

ఎవరిని యువత అనాలన్న విషయంలో ప్రభుత్వ లెక్క కాలంతో పాటు మారింది. 2003 జాతీయ యువజన విధానం 13 నుంచి 35 ఏళ్ల వరకు అంది. 2014 విధానం దాన్ని 15 నుంచి 29 ఏళ్లకు కుదించింది. ఈ పద్నాలుగేళ్ల వ్యవధిలోనే మనిషి బతుకులో పెద్ద మలుపులన్నీ వస్తాయి. పదో తరగతి, కాలేజీ, మొదటి జీతం, ఊరు విడవడం, పెళ్లి, మొదటి బిడ్డ, చాలామందికి మొదటి అప్పు. ఇన్ని మలుపులున్న వయసుకు మన ఊళ్లలో ఒక శాశ్వతమైన సేవ లేదు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలాన్ని చూస్తే ఆ లోటు ఎంతటిదో, దాన్ని పూడ్చడం ఎందుకు సాధ్యమో రెండూ అర్థమవుతాయి.

ఒక మండలం, అనేక దారులు

శ్రీకాకుళం పట్టణం నుంచి విశాఖ వైపు పదహారో నంబరు జాతీయ రహదారిపై బయల్దేరితే కొద్దిసేపట్లోనే ఎచ్చెర్ల వస్తుంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం శ్రీకాకుళంలో ప్రారంభించిన పీజీ కేంద్రమే 2008లో సొంత విశ్వవిద్యాలయంగా మారింది. ఇదే మండలంలో ఎస్.ఎం.పురం దగ్గర రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం శ్రీకాకుళం ప్రాంగణం ఉంది. జనం నోట అది ట్రిపుల్ ఐటీ. 2016లో ఏర్పడిన ఈ ప్రాంగణంలో పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలు చేరి, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు హాస్టల్లోనే ఉండి చదువుకుంటారు.

రహదారి వెంబడి ఇంకాస్త ముందుకెళ్తే పక్క మండలం రణస్థలం. అక్కడి పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఐటీఐ, డిగ్రీ చదివినవాళ్లు అక్కడికి షిఫ్టుల్లో వెళ్లివస్తారు. చిలకపాలెం కూడలి నుంచి మరో దారి పొందూరు, రాజాం మీదుగా లోపలి పల్లెలకు పోతుంది. తూర్పున సముద్రం. బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం లాంటి మత్స్యకార గ్రామాలు ఆ ఒడ్డునే ఉన్నాయి. వీటికి తోడు ఈ ప్రాంతంలో సైన్యానికి, పోలీసు ఉద్యోగానికి సిద్ధమయ్యే యువకులు చాలామంది. తెల్లవారకముందే రోడ్డు పక్కన పరుగు తీసే కుర్రాళ్లు శ్రీకాకుళం పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు.

విశ్వవిద్యాలయం, పరిశ్రమ, సముద్రం, సైన్యం ఇంత దగ్గరగా ఉన్న చోట యువతకు దారులకు కొదవ లేదు. ఏ దారి ఎవరికి సరిపోతుందో విడమరచి చెప్పి, ఆ దారిలో కొంతదూరం వెంట నడిచే మనిషి మాత్రం కరువు. చదువుకున్న ఇంట్లో ఆ పని అన్నయ్యో మేనమామో చేస్తారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు అలాంటి వాళ్లెవరూ ఉండరు. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో తెలియక, స్నేహితురాలు తీసుకున్నదే తీసుకునే పిల్లలు ఈ ఇళ్ల నుంచే వస్తారు.

వ్యాయామశాల నేర్పిన పద్ధతి

యువజన సేవ అన్న పేరు ఇటీవలిదైనా, ఉత్తరాంధ్రకు పని పాతదే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు మల్లయోధుడిగా, సర్కస్ వీరుడిగా దేశమంతా పేరు పొందకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. కండబలంతో పాటు క్రమశిక్షణను పిల్లలకు అలవాటు చేసే వ్యాయామశాలల సంప్రదాయం ఆ తరం నుంచి ఈ నేలలో వేళ్లూనుకుంది.

దాని ఫలితం చాలా ఏళ్ల తర్వాత ప్రపంచం చూసింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తడం మొదలుపెట్టి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ మరో ఉదాహరణ. అక్కడ ఇంటింటా వెయిట్‌లిఫ్టింగ్ మాట వినిపిస్తుంది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. మొదటి స్థానంలో ఉన్న క్రీడాకారిణి డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో ఆమె పతకం రజతమైంది.

ఈ ఊళ్లు పిల్లలకు ఇచ్చినవి మూడు. సాయంత్రం వెళ్లడానికి ఒక చోటు. పేరుపేరునా ఎరిగి, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే ఒక పెద్ద. రోజూ తప్పకుండా సాగే ఒక అలవాటు. ఖర్చు పెద్దదేమీ కాదు. అయినా ఆ మూడూ పేదింటి పిల్లలను అంతర్జాతీయ వేదిక దాకా తీసుకెళ్లగలిగాయి. ప్రపంచంలో మంచి యువజన కేంద్రం ఎక్కడున్నా దాని పునాదిలో ఈ మూడే కనిపిస్తాయి.

ప్రభుత్వం నడిచిన దారి

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం యువత కోసం చాలా ఏర్పాట్లే చేసింది. గాంధీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ఎన్ఎస్ఎస్‌గా అందరికీ తెలిసిన ఈ పథకం కాలేజీ పిల్లలను పల్లెలకు తీసుకెళ్లింది. కాలేజీకి వెళ్లని గ్రామీణ యువత కోసం 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. 1987లో అవి నెహ్రూ యువ కేంద్ర సంఘటన్ అనే స్వయంప్రతిపత్తి సంస్థగా మారాయి. ఊరూరా యువజన సంఘాల రిజిస్ట్రేషన్, ఆటల పోటీలు, రక్తదాన శిబిరాలు వీటి చలవే. తమిళనాడులోని శ్రీపెరంబుదూరులో 1993లో రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2012లో పార్లమెంటు దానికి జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా ఇచ్చింది.

రాష్ట్రంలో యువజన సర్వీసుల శాఖ జిల్లాకో సంస్థ ద్వారా శిక్షణ, స్వయం ఉపాధి పనులు చేపట్టింది. శ్రీకాకుళంలో ఆ సంస్థ పేరు సెట్‌శ్రీ. 2014 తర్వాత రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వచ్చింది. 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో నిరుద్యోగ భృతి మొదలై కొద్దికాలానికే ఆగిపోయింది. కేంద్రం 2023 అక్టోబరు 31న మేరా యువ భారత్‌ను ప్రారంభించి, యువతను ఆన్‌లైన్ వేదిక మీదకు తెచ్చే పని పెట్టుకుంది.

ఆరోగ్యం వైపు చూస్తే, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఊరి పిల్లల్లోంచే సాటివారికి ఆరోగ్య విషయాలు చెప్పే సాథియాలను తయారు చేయడం అందులో ఒక మంచి ఆలోచన. మానసిక సహాయానికి 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగుతో సహా పలు భాషల్లో పలుకుతోంది. పిల్లల కోసం 1098, ఆన్‌లైన్ మోసాలకు 1930 ఉన్నాయి. మత్తుపదార్థాల సమాచారానికి రాష్ట్రంలోని ఈగల్ విభాగం 1972 నంబరు పెట్టింది.

ఇన్ని ఉన్నా సామాన్యుడి ఇంటి కుర్రాడికి ఇవి అందకపోవడానికి ఒక కారణం ఉంది. ప్రతి శాఖా అతని బతుకులో ఒక ముక్కనే చూస్తుంది. నైపుణ్య శాఖకు అతను శిక్షణార్థి. వైద్య శాఖకు రోగి. పోలీసులకు కేసు. శిక్షణ మూడు నెలలకు ముగిసిపోతుంది, శిబిరం వారం రోజులకు ఎత్తేస్తారు. ఈ ముక్కలన్నిటినీ కలిపి ఒకే మనిషిగా అతన్ని చూసి, ఏళ్ల తరబడి ఎరిగి ఉండే ఉద్యోగి ఎక్కడా లేడు. ఊళ్లో యువత మధ్య పనిచేయడానికి కేంద్రం నియమించిన జాతీయ యువ వలంటీర్లకు గౌరవ వేతనం నెలకు 5,000 రూపాయలు, గడువు రెండేళ్లు. ఊరి పిల్లలు ఒక మనిషిని నమ్మడం మొదలుపెట్టేసరికి ఆ మనిషి గడువు తీరిపోతుంది.

వలస వెళ్లేముందు చెప్పాల్సిన మాట

ఎచ్చెర్ల తీరంలో యువజన సేవ లేని లోటుకు ఒక సంఘటన సాక్ష్యం. సొంత ఊళ్లో పడవలు నిలిపే చోటు, చేపలకు గిట్టుబాటు లేక ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస వెళ్లి అక్కడి మరబోట్లపై పనిచేస్తారు. 2018 చివర్లో అలా వేటకు వెళ్లినవారు సముద్ర సరిహద్దు దాటారంటూ పాకిస్థాన్ అధికారులకు పట్టుబడ్డారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే. డి.మత్స్యలేశం ఇళ్లలో ఆడవాళ్లు ఏడాదికి పైగా అధికారుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. ఈ కథ ఆధారంగా 2025లో తండేల్ సినిమా వచ్చింది.

వలసను ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాల్సిన అవసరమూ లేదు. వెళ్లేవాళ్ల పేర్లు ఊళ్లో ఒక చోట రాసి ఉండాలి. ఏ బోటు, ఎవరు యజమాని, బీమా ఉందా, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి బయల్దేరకముందే తెలియాలి. చదువు మధ్యలో మాని తండ్రి వెంట బోటెక్కే కుర్రాడికి, తిరిగొచ్చాక ఓపెన్ స్కూల్లో పరీక్ష రాసే వీలుందని చెప్పేవాళ్లుండాలి. 2023 ఏప్రిల్ 19న బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన జరిగింది. రేవు తయారైతే మంచు, కోల్డ్ స్టోరేజీ, బోటు ఇంజిన్ మరమ్మతు, రవాణా వంటి పనులకు చేతులు కావాలి. ఆ పనులు ఈ తీరపు పిల్లలకే దక్కాలంటే శిక్షణ రేవు కంటే ముందు మొదలవ్వాలి.

చదువుకున్నవాళ్ల వలసలో ప్రమాదం మరో రూపంలో వస్తోంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఈ ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయిస్తున్న సంగతి అప్పుడు బయటపడింది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు 1983 వలసల చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఆ పేర్లు చూడవచ్చు. విజిటర్ వీసా మీద ఉద్యోగానికి పంపుతానన్నవాడిని నమ్మకూడదు. ఇదంతా పావుగంటలో చెప్పగల సమాచారం. అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందు ఆ పావుగంట కేటాయించే మనిషి ఊళ్లో ఉంటే చాలా ఇళ్లు నిలబడతాయి.

నాలుగేళ్లకు తిరిగొచ్చే సైనికులు

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఉత్తరాంధ్ర పల్లెల లెక్కలను మార్చింది. ఇంతకుముందు సైన్యంలో చేరితే పదిహేనేళ్ల ఉద్యోగం, ఆపైన పింఛను. ఇప్పుడు నాలుగేళ్ల సేవ తర్వాత నూటికి ఇరవై అయిదు మంది వరకే కొనసాగుతారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. మొదటి బృందాలకు నాలుగేళ్లు నిండే సమయం 2026 చివర, 2027 మొదటి నెలలు.

అప్పటికి వాళ్ల వయసు ఇరవై మూడో ఇరవై అయిదో. చేతిలో డబ్బు ఉంటుంది, ఒంట్లో బలం ఉంటుంది, ముందున్న దారి స్పష్టంగా ఉండదు. ఆ డబ్బుతో ఏం చేయాలి, మిగిలిన చదువు ఎలా పూర్తి చేయాలి, ఏ నియామకాల్లో తమకు రిజర్వేషన్ ఉంది అన్న ప్రశ్నలు వాళ్లందరికీ ఒకేసారి వస్తాయి. ఎంపిక కాక వయసు మీరిపోయినవాళ్ల సంఖ్య ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పరుగెత్తిన కుర్రాడికి ఇక పరుగెత్తాల్సిన పని లేదని తెలిసిన రోజు చాలా బరువైన రోజు. ఆ రోజు అతన్ని పలకరించడం కూడా యువజన సేవలో భాగమే.

హాస్టల్ గదిలో ఒంటరితనం

ఇంటిని, ఊరిని వదిలి పదిహేనేళ్లకే హాస్టల్ చేరే పిల్లలకు చదువు కంటే ముందు ఒంటరితనం ఎదురవుతుంది. పల్లెటూరి తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిషు పాఠానికి, ఊరి బడిలో మొదటి ర్యాంకు నుంచి వందలాది మొదటి ర్యాంకుల మధ్యకు వచ్చి పడతారు. ట్రిపుల్ ఐటీలకే కాక, కార్పొరేట్ జూనియర్ కాలేజీలకు, నీట్, జేఈఈ శిక్షణ కేంద్రాలకు కూడా ఇది వర్తిస్తుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. మార్కులను బట్టి పిల్లలను విడదీసి సెక్షన్లు చేయవద్దని, అందరి ముందు అవమానించవద్దని సూచించింది. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలకే చట్టం విలువ ఉంటుంది.

ఇంతమంది కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు బిహార్‌లోని నలంద జిల్లా ఒక సమాధానం ఇచ్చింది. అక్కడి ప్రభుత్వ హైస్కూళ్లలో సెహర్ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు, మరికొన్నిటిలో మనస్తత్వశాస్త్రం చదవని స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, పిల్లలతో పనిచేయించారు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం స్థానిక కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం బాగుపడింది, పిల్లల్లో దిగులు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులకే ఆ పని అప్పగించిన బడుల్లో అలాంటి మేలు కనపడలేదు. పాఠాల బరువు మోసే మాస్టారి నెత్తిన మరో పని పెట్టడం కంటే, ఆ పనికే ఒక మనిషిని పెట్టడం మంచిదని ఈ ప్రయోగం తేల్చింది.

ఆడపిల్లల మాట

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. దేశం సగటు 23.3 శాతం. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ఉన్నా ఈ అంకెలు ఇలా ఉన్నాయంటే, పోలీసులు పెళ్లి పీటల దాకా వచ్చేలోగా జరగాల్సిన పని ఏదో జరగడం లేదన్నమాట.

పదో తరగతి తర్వాత కాలేజీ దూరం, బస్సు లేకపోవడం, ఇంట్లో తమ్ముళ్లను చూసుకోవడం, తల్లిదండ్రుల వలస లాంటి కారణాలతో అమ్మాయి చదువు ఆగుతుంది. చదువు ఆగిన ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. ఆ రెండింటికీ మధ్య కొన్ని నెలల వ్యవధి ఉంటుంది. కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందనో, బస్ పాస్ వస్తుందనో, సంక్షేమ హాస్టల్లో చోటు దొరుకుతుందనో ఆ నెలల్లో చెప్పగలిగితే కథ మారుతుంది. తల్లితో వంటింట్లో కూర్చుని మాట్లాడగల ఆడ కార్యకర్త ఈ పనికి తప్పనిసరి.

బయటి దేశాల అనుభవం

యువజన సేవను వృత్తిగా గుర్తించిన దేశాలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1960లో వెలువడిన ఆల్బెమార్ల్ నివేదిక తర్వాత ప్రభుత్వ ఖర్చుతో యువజన కేంద్రాలు వెలిశాయి, కార్యకర్తలకు శిక్షణ కళాశాలలు వచ్చాయి. 2010 తర్వాత పొదుపు పేరుతో స్థానిక సంస్థలు ఆ ఖర్చును మూడింట రెండు వంతులకు పైగా కోసేశాయి. వందల కేంద్రాలు మూతపడ్డాయి. యాభై ఏళ్లు కట్టినదాన్ని పదేళ్లలో పోగొట్టుకోవచ్చని, చట్టం అండ లేని సేవ బడ్జెట్ కోతకు మొదట బలవుతుందని అక్కడి అనుభవం హెచ్చరిస్తోంది.

ఫిన్‌లాండ్ వేరే దారి పట్టింది. కేంద్రం తెరిచి పిల్లలు వస్తారని ఎదురుచూడకుండా, చదువు, పని రెండూ లేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లే యువజన సేవకు చట్టంలో చోటిచ్చింది. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన హెడ్‌స్పేస్ కేంద్రాల్లో 12 నుంచి 25 ఏళ్లవారికి మానసిక సహాయం, శరీర ఆరోగ్యం, చదువు, ఉద్యోగం, మత్తు నుంచి బయటపడే సాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలో యువకుడు తేల్చుకోనక్కర్లేదు. జింబాబ్వేలో ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ముందు బల్ల వేసి దిగులుగా ఉన్నవారితో మాట్లాడించారు. ఆ స్నేహ బల్ల పద్ధతి ఇతర దేశాలకూ పాకింది. మన రచ్చబండకు అది దూరమైన ఆలోచనేమీ కాదు.

ఎచ్చెర్లలో మొదలుపెట్టగలిగితే

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే రేపటి యువజన సేవ ఎలా ఉండాలో స్పష్టమవుతుంది. ఎచ్చెర్లలో దానికి కావలసిన దినుసులు ముందే ఉన్నాయి.

మొదటిది చోటు. 2019 అక్టోబరు 2 నుంచి రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు పనిచేస్తున్నాయి. సంక్షేమ, విద్యా సహాయకులు, ఏఎన్ఎం, మహిళా పోలీసు, డిజిటల్ అసిస్టెంటు ఒకే కప్పు కింద ఉండటం హెడ్‌స్పేస్ తరహా సేవకు సగం పునాది. లేనిదల్లా సాయంత్రం వేళ. యువత ఖాళీగా ఉండేది సాయంత్రం అయిదు తర్వాత. అప్పటికి కార్యాలయాలకు తాళం పడుతుంది. మూతపడిన బడి భవనమో, గ్రంథాలయమో, సామాజిక భవనమో ఒకటి సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంచితే కేంద్రం సిద్ధమైనట్టే. అందులో ఒక మూల బరువులు, ఒక మూల కంప్యూటరు, తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఒక చిన్న గది ఉండాలి.

రెండోది మనిషి. రెండు మూడు సచివాలయాలకు కలిపి ఒక యువకుడు, ఒక యువతి జీతం మీద పనిచేయాలి. ఆ జీతం బతకడానికి సరిపోవాలి, ఉద్యోగం కొన్నేళ్లయినా నిలవాలి. ఏడాది డిప్లొమాతో వాళ్లను తయారు చేసే పనిని అంబేద్కర్ విశ్వవిద్యాలయం తలకెత్తుకోవచ్చు. పాఠ్యాంశాల రూపకల్పనకు శ్రీపెరంబుదూరు సంస్థ అనుభవం పనికొస్తుంది. వినడం ఎలాగో, విన్నది గుట్టుగా ఉంచడం ఎలాగో, తమ చేతిలో లేని సమస్యను డాక్టరుకో పోలీసుకో ఎప్పుడు అప్పగించాలో వాళ్లు నేర్చుకోవాలి. పిల్లలతో పనిచేసేవారి నేపథ్యాన్ని పోలీసుల ద్వారా తనిఖీ చేయడం, లైంగిక వేధింపు తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం వెంటనే ఫిర్యాదు చేయడం తప్పనిసరి నియమాలుగా ఉండాలి.

మూడోది రోజువారీ అలవాటు. ఊళ్లో 15 నుంచి 29 ఏళ్లవారు ఎవరెవరు చదువుతున్నారు, పనిలో ఉన్నారు, వలసలో ఉన్నారు, ఇవేవీ లేక ఇంట్లో ఉన్నారు అన్న రిజిస్టరు కార్యకర్త దగ్గర ఉండాలి. నెలకోసారి దాన్ని సరిచూసుకుని, ఇంట్లో ఉన్నవారి గడపకు వెళ్లాలి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు లాంటి ప్రాజెక్టులు తెచ్చే ఉద్యోగాల సమాచారం, పైడిభీమవరం కంపెనీల అప్రెంటిస్ ఖాళీలు, పరీక్షల తేదీలు ఆ గడప దాకా చేరాలి. బాలల సంరక్షణ గృహం నుంచి పద్దెనిమిదేళ్లకు బయటికొచ్చే పిల్లలకు చట్టం ఇరవై ఒకటో ఏడు వరకు ఆసరా ఇస్తుంది. ఆ సంగతి వాళ్లకు చెప్పి ఇప్పించడం కూడా ఈ కార్యకర్తే చేయాలి.

ఇక డబ్బు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. రాజాంలో జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ గ్రామీణ యువతకు వృత్తి శిక్షణ ఇస్తూ ఈ ప్రాంతంలో దారి చూపింది. పారిశ్రామిక వాడ పక్కనే ఉన్న మండలంలో కేంద్రాల భవనాలు, సామగ్రి ఆ నిధులతో సమకూరుతాయి. కార్యకర్తల జీతం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. కంపెనీ దయ మీద ఆధారపడిన జీతం ఆ కంపెనీ లాభాల కంటే ఎక్కువకాలం నిలవదు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో యువతకు ఒక పద్దు ఉండాలి. ఆ పద్దును ఎలా వాడాలో చెప్పే కమిటీలో సగం మంది ముప్పయ్యేళ్ల లోపువారు కావాలి.

ఫోన్లో యాప్‌లు, కృత్రిమ మేధతో పనిచేసే సలహా సేవలు రాబోయే రోజుల్లో పెరుగుతాయి. ఉద్యోగ సమాచారం వెతకడానికి, దరఖాస్తు నింపడానికి అవి బాగా పనికొస్తాయి. అర్ధరాత్రి దిగులు పుట్టినప్పుడు 14416కు ఫోన్ చేయగలగడం గొప్ప ఆసరా. మరుసటి రోజు పొద్దున ఇంటి ముందు సైకిల్ ఆపి "తిన్నావా?" అని అడిగే పని మాత్రం ఊళ్లో ఉన్న మనిషే చేయాలి.

కాలం తక్కువగా ఉంది. కేంద్ర ప్రభుత్వ అంచనా ప్రకారం 2021లో 37.14 కోట్లున్న 15–29 ఏళ్ల జనాభా 2036 నాటికి 34.55 కోట్లకు తగ్గుతుంది. పిల్లలు తగ్గుతున్న కొద్దీ ప్రతి పిల్లవాడి మీదా పడే బాధ్యత ఎక్కువవుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవాల్సిందీ, రాష్ట్రం సంపదను పెంచాల్సిందీ వాళ్లే. 2021లో పుట్టిన బిడ్డకు 2036లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ బిడ్డ ఇప్పుడు ఎచ్చెర్ల మండలంలో ఏదో ఒక ఊళ్లో అక్షరాలు దిద్దుకుంటోంది. ఆమె పదో తరగతి దాటేనాటికి ఊళ్లో సాయంత్రం తెరిచి ఉండే ఒక చోటు, పేరు పెట్టి పిలిచే ఒక పెద్ద ఉండాలి. అందుకు జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఆ మాట ఎత్తే బాధ్యత ఊరి పెద్దలది, పిల్లల తల్లిదండ్రులది.